బీరువా, ఫ్రిజ్, నేను

మా కాలనీలో ఇంటికి రంగు వేయించుకోవాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. ఇంత తెలివైన నిబంధన రాసిన మహానుభావుడెవరా అని మీరు వెతకనక్కర్లేదు, అది నేనే. నా పేరు పేర్రాజు. భవనాల శాఖలో ఎస్టిమేట్ల విభాగం సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో నా బల్ల మీదికి వచ్చిన ఏ ఎస్టిమేటూ వచ్చింది వచ్చినట్టు తిరిగి వెళ్లలేదు. ఆస్పత్రికి పది కిటికీలు కావాలని రాస్తే ఏడు చేశాను. బడికి మూడు గదులడిగితే రెండు గదులూ ఒక వరండా ఇచ్చాను. ఒకసారి బావికి అంచనా వస్తే లోతు తగ్గించాను. అందులో నీళ్లు పడలేదని తరువాత ఎవరో చెప్పారు గాని, ఖర్చు మాత్రం ఎస్టిమేటు దాటలేదు.

కాకినాడ శివార్లలో, రిటైరైన ఉద్యోగులం స్థలాలు కొనుక్కుని కట్టుకున్న అరవై ఇళ్ల కాలనీ మాది. అందరం ఫైళ్లు లేక చేతులు దురద పెడుతున్నవాళ్లమే. రెండేళ్ల కిందట మూడో వీధిలో ఒకాయన ఇంటికి రంగు వేయిస్తే, అరవై వేలన్న పని లక్షా నలభై వేలకు తేలింది. ఆయన వారం రోజులు వాకింగుకి రాలేదు. కాలనీ మొత్తం హడలిపోయింది. ఆ హడలులోంచి ‘గృహ వర్ణలేపన వ్యయ నియంత్రణ ఉపసంఘం’ పుట్టింది. రిటైర్డు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సాంబమూర్తిగారు అధ్యక్షులు. ఆడిట్‌లో జీవితం ధారపోసిన డేవిడ్ రాజుగారు సభ్యులు. నేను కన్వీనరుని. ముప్ఫై ఒక్క పేజీల నియమావళి నేనే రాశాను.

దాని మూలసూత్రం ఇది: కనబడని గోడకు రంగు వేయడం ప్రజాధన దుర్వినియోగం.

సర్వసభ్య సమావేశంలో ఒకాయన లేచి, “మా ఇంటికి మా డబ్బుతో మేం వేయించుకుంటే ప్రజాధనం ఎలా అవుతుందండీ?” అన్నాడు.

“ఇంటి యజమాని ప్రజల్లో ఒకడు కాడా?” అన్నాను.

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల వల్ల నాకు జరిగిన నష్టం ఇంతా అంతా కాదు.

మొదటి ఏడాదిన్నరలో ఉపసంఘానికి ఒక్క దరఖాస్తూ రాలేదు. ముప్ఫై ఒక్క పేజీలు చదివినవాళ్లు రంగు ఆలోచనే మానుకున్నారు. వ్యయ నియంత్రణలో నూటికి నూరు శాతం లక్ష్యం సాధించామని వార్షిక నివేదికలో గర్వంగా రాశాను. ఇళ్ల గోడలు పెచ్చులూడుతున్నాయన్న సంగతి రాయడానికి ఆ నివేదికలో కాలమ్ లేదు.

మొదటి దరఖాస్తు చివరికి నా ఇంట్లోంచే బయల్దేరింది.

మా ఆవిడ హైమావతి లెక్కల టీచరుగా చేరి హెడ్మిస్ట్రెస్ అయింది. మార్చి నెలాఖరున రిటైర్ కావలసి ఉంది. జనవరిలో ఒక ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు చేతికిచ్చి, “ఏమండీ, నాకో కోరికుంది,” అంది.

పెళ్లయిన ముప్ఫై రెండేళ్లలో ఆ మాట అంత సూటిగా వినడం అదే మొదలు. ఎంతవుతుందోనని అప్పుడే మనసులో అంచనా కట్టడం మొదలెట్టాను.

“ఈ ఇల్లు కట్టి ఇరవయ్యారేళ్లయింది. గృహప్రవేశానికి కొట్టించిన సున్నమే ఇప్పటికీ. బళ్లో వాళ్లు ఎవరొచ్చినా గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపించేస్తాను. లోపలికి రమ్మంటే గోడలు చూస్తారని సిగ్గు. రిటైరయిన రోజున స్టాఫునీ, పాత పిల్లల్నీ ఇంటికి పిలిచి టీ ఇవ్వాలనుందండీ. తలుపులన్నీ బార్లా తీసి, లైట్లన్నీ వేసి, రండమ్మా, ఇదే మా ఇల్లు అనాలనుంది. లోపలా బయటా రంగు వేయిద్దాం. హాలుకి లేత నిమ్మపండు రంగు. డబ్బు నేను దాచాను. లక్షా ఇరవై వేలుంది. మీరు పైసా తియ్యక్కర్లేదు.”

చివరి మాట నాకు చాలా నచ్చింది. సరేనన్నాను.

పెయింటర్ నూకరాజు వచ్చాడు. ముప్ఫై ఏళ్లుగా అదే పనిలో ఉన్న మనిషి. వేలి కణుపుతో గోడ మీద కొట్టి చూశాడు. గోరుతో గీశాడు. తెల్లటి పొడి రాలి నా లుంగీ మీద పడింది.

“సున్నం పొడుం రాలిపోతందండి బాబుగారూ. అంతా గోకెయ్యాల. లప్పం పెట్టాల, ప్రైమరు కొట్టాల, ఆ పైన రెండు కోట్లెయ్యాల. బయట వానకి తట్టుకునే రంగు వేరండి. లోపలా బయటా కలిపి లచ్చా పదివేలవుద్దండి. సరుకూ కూలీ అంతా నాదే.”

“కిటికీలూ తలుపులూ తీసేసి లెక్క కట్టావా?” అన్నాను.

“తియ్యమండి. గోడకి అరగంట పడితే కిటికీ గ్రిల్లుకి పూట పడతాది. దానికీ దీనికీ సరికి సరండి.”

నేను నవ్వాను. ఎదుటివాడు కొలత తప్పాడని తెలిసినప్పుడు ఎస్టిమేట్ల విభాగం వాళ్లం నవ్వే నవ్వొకటుంటుంది. హైమావతికి ఆ నవ్వు తెలుసు. గబగబా లోపల్నుంచి వచ్చి, “లక్షా పదేగా, ఉంది. రేపట్నుంచే మొదలెట్టు నాయనా,” అంది.

“ఉపసంఘం అనుమతి లేకుండానా?” అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. “ఉపసంఘం అంటే మీరేగా?”

“అందుకే మరీ జాగ్రత్తగా ఉండాలి,” అన్నాను.

దరఖాస్తుదారుగా దరఖాస్తు రాశాను. కన్వీనరుగా అందుకున్నాను. మూడో ప్రతి జతచేయలేదని నాకు నేనే మెమో పంపుకున్నాను. దానికి జవాబు రాయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. జవాబు సంతృప్తికరంగా లేదని తిప్పి పంపాను. ఈలోగా జనవరి అయిపోయింది. హైమావతి గోడ మీది కేలెండరు వైపు చూడటం మొదలుపెట్టింది.

ఫిబ్రవరి రెండో వారంలో ఉపసంఘం స్థల పరిశీలనకు విచ్చేసింది. డేవిడ్ రాజుగారు టేపు పట్టారు. సాంబమూర్తిగారు చేతులు వెనక్కి కట్టుకుని హాలు మధ్యలో నిలబడి సెలవిచ్చారు.

“ఉపసంఘం వారు కంటికి కనబడు విస్తీర్ణాన్ని నిర్ధారించి, తత్‌ప్రమాణంగా మంజూరు చేయుదురు. దరఖాస్తుదారు అభ్యంతరములేమైనా ఉన్న లిఖితపూర్వకంగా కన్వీనరుకు సమర్పించుకొనవచ్చును.”

నేను నాకు నమస్కారం పెట్టుకున్నంత పని చేశాను.

తలుపులు, కిటికీలు, స్విచ్చిబోర్డులు ముందే పోయాయి. తరువాత నియమావళి ఏడో క్లాజు తెరిచారు. ‘ఒకే స్థలమందు రోజుకు ఎనిమిది గంటలకు మించి నిలిచియుండు ఏ వస్తువైనను స్థిర అవరోధముగా భావించి, దాని వెనుకనున్న గోడను మంజూరు నుండి తొలగించవలెను.’ ఆ వాక్యం రాసిన రోజున నేను రెండోసారి కాఫీ అడిగి మరీ తాగాను. హాల్లో ఉన్న మా పెళ్లినాటి బీరువా స్థిర అవరోధం. ఫ్రిజ్ స్థిర అవరోధం. టీవీ, దేవుడి పటాలు, కేలెండరు, మా మావగారి ఫొటో కూడా అంతే.

“కేలెండరు ఏడాదికోసారి మారుతుంది కదండీ?” అంది హైమావతి.

“అదే కొలత గల కేలెండరు తెచ్చుకొనవలెను,” అన్నారు డేవిడ్ రాజుగారు రాసుకుంటూ.

పైకప్పు చూడాలంటే పడుకోవాలి. అతిథులు పడుకోరు. పైకప్పు పోయింది. పడకగదిలోకి వాళ్లు రారు కనుక అదీ పోయింది. వంటిల్లు కూడా పోయింది. బయటికి వెళితే, రోడ్డు మీద నిలబడ్డవాడికి ప్రహరీగోడ అడ్డం వల్ల ముందు గోడలో కింది నాలుగడుగులు కనబడవు. అందువల్ల రంగు నాలుగడుగుల పైనుంచి మొదలవుతుంది. పెరటి గోడని చూసేది పిల్లి ఒక్కటే. దాని అభిప్రాయం ఎవరూ అడగలేదు.

తూర్పు గోడ దగ్గర ఒక చిక్కు వచ్చింది. “ఈ గోడ అందాన్ని అనుభవించేది పొరుగింటివారు. పదకొండో క్లాజు ప్రకారం సగం ఖర్చు వారు భరించాలి,” అన్నారు డేవిడ్ రాజుగారు. మా తూర్పు పొరుగు సాంబమూర్తిగారే. ఆయన గోడ వైపు చాలాసేపు చూశారు.

“ఈ గోడ నాకు కనబడదు,” అన్నారు.

ఆయన వంటింటి కిటికీ సరిగ్గా దానికెదురుగా ఉంది. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఆ కిటికీ తెరవలేదు. వాళ్లావిడ పోపు ఘాటుకి తుమ్ముతూనే వంట చేస్తోంది.

మళ్లీ హాల్లోకి వచ్చాం. అప్పటికి అలిసిపోయి నేను నా పడక్కుర్చీలో కూర్చుని గోడకి తల ఆనించాను. రిటైరయ్యాక మూడేళ్లుగా నేను ఉండేది అక్కడే. తలనూనె అంటుకుని గోడ మీద పళ్లెమంత మరక పడింది. డేవిడ్ రాజుగారు టేపు పట్టుకుని నా ముందు ఆగారు.

“ఇక్కడ రోజుకెన్ని గంటలు?”

వంటింటి గుమ్మంలోంచి హైమావతి, “పన్నెండు,” అంది.

ఉపసంఘం ఒకరి మొహం ఒకరు చూసుకుంది. “క్లాజులో ‘వస్తువు’ అని ఉన్నది,” అన్నారు సాంబమూర్తిగారు సందేహంగా. “కన్వీనరుగారి ఉద్దేశమేమిటో?”

బుద్ధున్నవాడైతే అక్కడ నోరు మూసుకోవాలి. నేను రాసిన క్లాజు నా మీద కూడా పనిచేస్తున్నందుకు నాకు ఎక్కడలేని గర్వం కలిగింది. “వస్తువు అన్న మాటను విస్తృతార్థంలో తీసుకోవాలి,” అన్నాను.

కాబట్టి జాబితాలో బీరువా, ఫ్రిజ్, ఆ తరువాత నేను చేరాం.

లక్షా పది వేల పని నలభై ఒక్క వేల మూడొందలకు దిగింది. ఆ కాగితం పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను. “హైమా, నీకు డెబ్భై వేలు మిగిల్చాను!”

ఆవిడ కాగితం చదివింది. లెక్కల టీచరు కదా, కూడికలు కూడా సరిచూసింది. “హాలు ఒక్కటైనా నిండా వేయించండి. తక్కినదేమీ అడగను,” అంది.

“నా ఇంటికి మినహాయింపిస్తే రేపు కాలనీలో నా మొహం ఎలా చూపించను?”

“అలాగే,” అంది.

ముప్ఫై రెండేళ్ల కాపురంలో ఆ ‘అలాగే’కి అర్థమేమిటో నాకు బాగా తెలుసు. కాని నియమావళిలో దానికి క్లాజు లేదు.

నూకరాజు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “బీరువా ఎనక గోడ వదిలెయ్యాలంటే ముందు బీరువా జరపాలి కదండీ? గీత గీసుకోవాల. కాయితం అంటించాల. మళ్లీ బీరువా అక్కడెట్టి గీత సరిపోయిందో లేదో సూడాల. లప్పానికోసారి, ప్రైమరుకోసారి, కోటుకోసారి. జరిపినాక ఎయ్యటం తేలికండి బాబూ. వదలటమే కట్టం.”

“అయితే వదిలినందుకు కూలి ఎంత?” అన్నాను.

చెప్పాడు. నేను ఉపసంఘానికి నివేదించాను. రంగు పద్దులోంచి ఇవ్వడానికి వీల్లేదన్నారు. అందువల్ల ‘వదలివేత ఛార్జీలు’ అని కొత్త పద్దు తెరిచారు. బీరువా నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లు దిగింది. మూడోసారి దాని అద్దం పగిలింది. దానికి ‘ఊహించని ఖర్చులు’ అని ఇంకో పద్దు తెరిచాం. ప్రహరీ ఎత్తు కొలిచి నాలుగడుగుల దగ్గర దారం కట్టి గీత గీయడానికి రెండు రోజుల కూలి. ఇంతా అయ్యాక చూస్తే, మొత్తం ఇంటికి లక్షా పది వేలయ్యే పని, మూడో వంతు ఇంటికి లక్షా పంతొమ్మిది వేల ఏడొందలయింది. అయితే రంగు పద్దు మాత్రం పైసా దాటలేదు. ఆ సంగతి డేవిడ్ రాజుగారు మినిట్స్‌లో ప్రశంసాపూర్వకంగా రాశారు.

అన్నిటికన్నా బాగా గుర్తున్నది నా వంతు. నూకరాజు సుద్దముక్క పట్టుకుని వచ్చాడు. “రోజూ ఎలా కూకుంటారో అలా కూకోండి బాబుగారూ.” కూర్చున్నాను. భుజం చుట్టూ, మెడ చుట్టూ, తల చుట్టూ గీత గీస్తున్నాడు. “కదలకండి. సెవి కాడ వంకరొచ్చేతంది.” నేను ఊపిరి బిగబట్టాను. హైమావతి పరీక్ష పేపర్లు దిద్దుతూ కళ్లజోడు పైనుంచి ఒకసారి చూసి, మళ్లీ పేపర్లలోకి వెళ్లిపోయింది.

మార్చి ముప్ఫై ఒకటో తేదీ సాయంత్రం నాలుగింటికి టీ పార్టీ. గేటు ఒక రెక్కే తెరిచాం. రెండోది తీస్తే కింది నాలుగడుగులూ బయటపడతాయి. పడకగదికి తాళం వేశాం. జనం పైకి చూడకుండా ఫ్యాన్ ఆపేద్దామన్నాను. “ఉక్కతో చస్తారు,” అంది హైమావతి. పొద్దుట్నుంచి ఆవిడ నాతో అన్న మాట అదొక్కటే. ముదురు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. నిమ్మపండు రంగు గోడ ముందు నిలబడితే ఎంత బాగుంటుందో లెక్క వేసుకునే కొనుక్కుందని తరువాత తెలిసింది.

నేను మూడున్నరకే నా ఖాళీకి అడ్డంగా కుర్చీలో కుదురుకున్నాను. సాంబమూర్తిగారు ‘ఆదర్శ మితవ్యయ గృహం’ అని బంగారు అక్షరాలతో ధ్రువపత్రం ఫ్రేము కట్టించి తెచ్చారు. సభ చివర ప్రదానం. షరతు ఒక్కటే, అంతవరకు ఖాళీలేవీ కనబడకూడదు.

నలభై అయిదు మంది వచ్చారు. బీరువా, ఫ్రిజ్ జరపకూడదు కనుక వాళ్లే ఒకళ్ల మీద ఒకళ్లు నిలబడ్డారు. శిరోమణి అని హైమావతి పాత స్టూడెంటు, ఇప్పుడు బస్సు కండక్టరు, గుమ్మం దగ్గర నిలబడి అలవాటు కొద్దీ సర్దుతోంది. “లోపలికి జరగండి, జరగండి. ఆ మూల ఖాళీ ఉంది. ఈ బీరువా కాస్త పక్కకి లాగితే ఇంకో పదిమంది పడతారండి.”

“బీరువా ముట్టుకోకు!” అని కూర్చున్న చోటు నుంచే అరిచాను.

వచ్చినవాళ్లందరికీ కూర్చునే నమస్కారం పెట్టాను. ఒక పెద్ద టీచరమ్మ జాలిగా, “మోకాళ్లాండీ?” అంది. మోకాళ్లేనన్నాను. ఆ మాట హాలు దాటి వరండాలోకి వెళ్లేసరికి ముదిరినట్టుంది. కాసేపటికి ఎవరో వచ్చి నా చెయ్యి పట్టుకుని, “ధైర్యంగా ఉండండి. ఈ రోజుల్లో మంచి మందులున్నాయి,” అన్నారు.

ప్రసంగాలయ్యాయి. శిరోమణి శాలువా విప్పింది. మధ్యలో రెండు కుర్చీలు వేశారు. హైమావతి ఒక దాంట్లో కూర్చుంది.

“సారుగారూ, మీరూ రావాలండి. టీచరుగారొక్కరికే కప్పకూడదు. పక్కన కూచుంటే ఇద్దరికీ కలిపి కప్పేస్తామండి.”

నేను సాంబమూర్తిగారి వైపు చూశాను. ఆయన ఫ్రేముని గుండెలకి ఆనించుకుని, “ఏడో క్లాజు,” అన్నారు పెదవులు కదలకుండా.

హైమావతి నా వైపు చూడకుండానే, “ఆయన రారమ్మా,” అంది. “ఆయన్ని అక్కడే శాంక్షన్ చేశారు.”

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. పక్కనున్న ఖాళీ కుర్చీ మీద చెయ్యి పెట్టి, చీర కుచ్చిళ్లు సవరించుకుంది.

అప్పుడు నాకు సిగ్గేసింది. పెళ్లయిన కొత్తలో నాలుగు రోజులు తిరుపతి వెళ్దామంటే రెండు రోజులు చేశాను. ఇంటికి రెండు కిటికీలు ఎక్కువ అడిగితే ఒకటి తీసేశాను. ఆవిడ ఏదడిగినా ఎర్రసిరాతో కొట్టేస్తూ వస్తే, ఆవిడ అడగడమే మానేసింది. దాన్ని నేను పొదుపు అనుకున్నాను. ఇన్నేళ్లకి నోరు తెరిచి ఒక్క సాయంత్రం అడిగితే, ఆ సాయంత్రంలో కూడా తన పక్కనుండే మనిషిని కొట్టేశాను.

లేచాను.

వెనక గోడ మీద, లేత నిమ్మపండు రంగు మధ్యలో, పాత సున్నంతో నేను కూర్చుని ఉన్నాను. భుజాలున్నాయి, మెడ ఉంది, ఒక చెవి కొంచెం వంకరగా ఉంది. తల ఉండవలసిన చోట నల్లగా నూనె మరక ఉంది. నలభై అయిదు మంది గోడ వైపు చూశారు. తరువాత నా వైపు చూశారు. మళ్లీ గోడ వైపు చూశారు.

“అది సారుగారే!” అంది శిరోమణి.

హైమావతి వెనక్కి తిరిగి చూసింది. ముందు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత లాభం లేక వదిలేసింది. ఆవిడ అలా నవ్వడం నేను చూసి ఎన్నేళ్లయిందో లెక్క లేదు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, “రండి, కూర్చోండి,” అంది నాతో.

“బీరువా వెనకాల కూడా ఇలాగేనాండీ?” అన్నారెవరో.

శాలువా కప్పించుకుని, అదే శాలువాతో వెళ్లి బీరువాకి నేనే భుజం పెట్టాను. శిరోమణి “రైట్, రైట్” అంటూ అవతలి వైపు నుంచి లాగింది. బీరువా వెనక ఇంకో బీరువా బయటపడింది. ఫ్రిజ్ జరిపితే దాని వెనక ఇంకో ఫ్రిజ్ కనబడింది. కేలెండరు తీస్తే చదరపు కిటికీ పెట్టినట్టుంది. హైమావతి ఒక్కొక్క స్విచ్చీ వేసుకుంటూ వెళ్లింది. పడకగది తాళం తీసేసింది. “గేటు రెండో రెక్క కూడా తీసెయ్యండమ్మా. తలుపులన్నీ తియ్యండి. రండి, చూడండి. ఇదే మా ఇల్లు,” అంది. వాళ్లు పిల్లల్లా గదిగదీ తిరిగి చూశారు. పెరటి గోడ చూడటానికి కూడా వరసలో నిలబడ్డారు.

సాంబమూర్తిగారు గొంతు సవరించుకున్నారు. “స్థిర అవరోధములు స్వయంగా కదలి, ఖాళీలు బహిర్గతమైనందున ధ్రువపత్రము ఉపసంహరించడమైనది.” ఎవరూ వినలేదు. ఆయన రెండు పకోడీలు తిని, ఫ్రేము చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

మర్నాడు కన్వీనరు పదవికి రాజీనామా రాశాను. నిబంధన ప్రకారం దాన్ని కన్వీనరుకే ఇవ్వాలి. అందుకున్నాను. ఈసారి మూడో ప్రతి అడగలేదు.

రంగు కొత్తగా కొనవలసిన పని లేకపోయింది. నూకరాజు మొత్తం ఇంటి లెక్కన ముందే తెచ్చిన బకెట్లు మూతలు తీసి ఉన్నాయి. తీసినవి షాపువాడు వెనక్కి తీసుకోడు. వాటి ఖరీదు కూడా ‘ఊహించని ఖర్చుల’ పద్దులోనే పడింది. వదిలేసి వదిలేసి మేం పొదుపు చేసిన రంగంతా పెరట్లో అలాగే ఉంది. డబ్బు మాత్రం లేదు. ప్రావీణ్యం గల పెయింటరు తప్ప అన్యులు బ్రష్షు పట్టరాదని ఇరవై రెండో క్లాజు. అది కూడా నేనే రాశాను. బ్రష్షు పట్టాను.

గోకడం, లప్పం పెట్టడం నూకరాజు ఒక పూట వచ్చి ఉత్తినే నేర్పాడు. ఏప్రిల్ నెలంతా వేశాను. బీరువా, ఫ్రిజ్ ఖాళీలు, పైకప్పు, పడకగది, పిల్లి చూసే గోడతో సహా అన్నీ అయ్యాయి. నడుం పట్టేసింది. ఇప్పుడు నిజంగానే మోకాళ్లు వచ్చాయి. చివరికి మిగిలింది హాల్లో నా ఖాళీ. భుజాలు ఒక కోటుకే పోయాయి. నూనె మరక మాత్రం మూడు కోట్లేసినా పసుపులోంచి మసకగా తేలుతూనే ఉంది.

నా పడక్కుర్చీ అక్కడ లేదు. హైమావతి దాన్ని కిటికీ పక్కకి, వెలుతురు పడేచోటికి లాక్కుంది. రిటైరయిన మర్నాటి నుంచీ అందులోనే కూర్చుంటోంది. ఒళ్లో పుస్తకం ఉంది. చేతికి అందేలా స్టూలు మీద నేను కలిపి ఇచ్చిన కాఫీ ఉంది.

“చెవి దగ్గర వదిలేశారు,” అంది పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

చెవి దగ్గర వేశాను. నడుం పట్టుకుని లేచి, బ్రష్షు తుడుచుకుంటూ భయం భయంగా అడిగాను. “ఇక రోజూ అక్కడేనా హైమా? ఎన్ని గంటలు కూర్చుంటావు?”

ఆవిడ పేజీ తిప్పింది.

“పన్నెండు,” అంది.